బీపీ బిళ్ళ వేసుకుంటే షుగరొస్తుందా?

(స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఫార్మకాలజీ చెప్పారు. అంటే మందుల శాస్త్రం. ఆయన నోటి పరీక్షలో మేమంతా వణికిపోయే ప్రశ్న ఒకటుండేది. ఆయన ఒక మందు పేరు చెబుతారు. అది ఎక్కడ పనిచేస్తుంది, ఎలా పనిచేస్తుంది, ఎంత మోతాదు అన్నీ మనం గడగడా అప్పజెబుతాం. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సరే నాయనా, దానివల్ల ఎవరు బతికారు?" అనేవారు. పుస్తకంలో దానికి జవాబు ఉండేది కాదు. జర్నల్స్ తిరగేస్తే తప్ప దొరికేది కాదు. లైబ్రరీకి దారి మాకు అలా తెలిసింది.

ఇవాళ్టి ఉపన్యాసానికి విషయం నా ఇష్టానికే వదిలేశారు కాబట్టి, ఓపీలో రోజూ వినే మాటనే ఎంచుకున్నాను. బీపీకి మందు రాసిస్తాం. చీటీ చేతిలో పట్టుకుని, లేవబోతూ ఆగి అడుగుతారు: "ఇది వేసుకుంటే షుగరు వస్తుందంటగా డాక్టరుగారూ?" ఇదివరకు ఈ మాట పక్కింటివాళ్ళు చెప్పేవారు. ఇప్పుడు ఫోనులో వీడియో చెబుతోంది. కొందరు అడగరు కూడా. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు, మందు మాత్రం కొనరు. నా బెంగ వాళ్ళ గురించే.

ముందే జవాబు చెప్పేస్తాను. కొన్ని బీపీ మందులు షుగరు వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి. కొన్ని కాస్త తగ్గిస్తాయి. కొన్నిటికి ఆ గొడవే లేదు. ఇంతవరకూ తేలికే. చిక్కంతా దీని తర్వాత ఉంది. షుగరును పెంచిన మందు గుండెను కాపాడింది. షుగరుకు మేలు చేసిన మందు గుండెను కాపాడటంలో వెనకబడింది. రెండూ వేలమంది మీద, లెక్కలతో సహా రుజువయ్యాయి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతి.

బీపీకి మందే లేని కాలం మరీ పాతదేం కాదు. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను పరీక్షించిన గుండె వైద్యుడు హోవర్డ్ బ్రూయెన్ బీపీ 186/108 అని రాసుకున్నాడు. అప్పటికే గుండె పెరిగింది, ఆయాసం మొదలైంది. అంతటి దేశాధినేతకు కూడా ఆ రోజు ఇవ్వగలిగింది డిజిటాలిస్, ఉప్పు తగ్గించిన తిండి, మత్తునిచ్చే ఫినోబార్బిటాల్, విశ్రాంతి. 1945 ఏప్రిల్ 12న మెదడులో నెత్తురు నాళం చిట్లి చనిపోయాడు. చివరి గంటల్లో బీపీ 300/190. దాదాపు అదే రోజుల్లో డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు బీపీ రోగులకు అన్నం, పండ్లు, పంచదార తప్ప మరేమీ పెట్టకుండా బీపీ దించేవాడు. మనం పూటపూటా తినే అన్నమే అక్కడ మందయింది. ఎటొచ్చీ పక్కన ఆవకాయ ఉండేది కాదు. ఉప్పన్నదే దాదాపు లేని తిండి అది.

మన దేశం వంతు కూడా ఒకటుంది. సర్పగంధ వేరు బీపీని దించుతుందని ముంబయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. ఆ వేరు నుంచి స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్ళు 1952లో రిసెర్పిన్ తీశారు. ఆ దశాబ్దం చివర్లో అమెరికాలో మెర్క్ కంపెనీలో కార్ల్ బేయర్ బృందం క్లోరోథయజైడ్ తయారుచేసింది. ఒంట్లోని ఉప్పునూ, దానితో పాటు నీటినీ మూత్రంలోకి పంపే మందు అది. ఆ కుటుంబాన్నే థయజైడ్లు అంటున్నాం. ఇప్పుడు మీ చీటీల్లో కనిపించే హైడ్రోక్లోరోథయజైడ్ అందులోదే, క్లోర్‌థాలిడోన్ దానికి దగ్గరి చుట్టం.

బీపీ తగ్గించినంత మాత్రాన మనిషికి మేలవుతుందా అన్నది అప్పటికింకా తేలలేదు. పెద్ద పెద్ద వైద్యులే పెరిగిన బీపీ శరీరానికి అవసరమేమో, దాన్ని ముట్టుకోకూడదేమో అనుకునేవారు. తేల్చినవాడు ఎడ్వర్డ్ ఫ్రీస్. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, కింది బీపీ 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మందిని తీసుకుని, సగం మందికి హైడ్రోక్లోరోథయజైడ్, రిసెర్పిన్, హైడ్రలజైన్ కలిపి ఇచ్చాడు. మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. 1967లో ఫలితం అచ్చయింది. ఉత్తుత్తి మాత్రల వైపు తీవ్రమైన ఉపద్రవాలు 27. మందుల వైపు 2. మాస్టారి ప్రశ్నకు బీపీ మందులు మొదటిసారి గట్టిగా జవాబు చెప్పింది అక్కడే. ఆ మూడు మందుల్లో ఒకటి మన అడవి మొక్కది. ఇంకొకటి, తర్వాత షుగరు పెంచుతుందని నిందపడ్డ థయజైడ్.

గుండె సంగతి కొంచెం చెప్పి ముందుకు వెళతాను. ఎడమవైపు కింది గది కొట్టుకున్న ప్రతిసారీ, పెద్ద ధమనిలోని ఒత్తిడిని ఎదిరించి నెత్తురును బయటికి నెట్టాలి. ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే, దండీలు తీసిన వస్తాదు జబ్బలా గుండె గోడ లావెక్కుతుంది. వస్తాదుకు అది బలం, గుండెకు మాత్రం చేటు. లావెక్కిన గోడ సరిగా సడలదు, గది పూర్తిగా నిండదు. పెరిగిన కండకు సరిపడా నెత్తురు అందదు. కొన్నాళ్ళకు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు, పాదాలకు వాపు. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటాం. ఆ పేరు వినగానే గుండె ఆగిపోయిందనుకుని ఇంట్లోవాళ్ళు ఏడుపందుకుంటారు. ఆగడం కాదు, చాలకపోవడం. బీపీ తగ్గిస్తే ఆ గోడ మందం మళ్ళీ తగ్గుతుంది. దాదాపు అన్ని రకాల మందులతోనూ ఎంతో కొంత తగ్గుతుంది.

ఇక ఇన్సులిన్. అది షుగరు తగ్గించే హార్మోను అని అందరికీ తెలుసు. అది చేసే మరో పని చాలామందికి తెలియదు. సోడియంను పోనివ్వద్దని అది కిడ్నీకి చెబుతుంది. ఒంటి కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే, క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కండరం మొండికేసినా కిడ్నీ మాత్రం ఆ మాట బుద్ధిగా వింటూనే ఉంటుంది. ఉప్పు ఒంట్లో నిలుస్తుంది. నరాల ఉద్రేకమూ పెరుగుతుంది. అలా షుగరు ఇంకా మామూలుగా ఉండగానే బీపీ పెరగడానికి ఒక దారి పడుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో జెరాల్డ్ రీవెన్ 1988లో తన బాంటింగ్ ఉపన్యాసంలో బీపీ, నెత్తురులో కొవ్వు, షుగరు ఈ మూడూ ఒకే ఇంటివని చెప్పి దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరుపెట్టాడు. కాబట్టి బీపీ మందు మొదలైన రెండేళ్ళకు షుగరు కనిపిస్తే, మందే తెచ్చిందని ముద్ర వేయడానికి తొందరపడకూడదు. మందు వేసుకోకపోయినా వాళ్ళలో చాలామందికి అది వచ్చేదే.

మనవాళ్ళ విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. పుణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరికీ ఎత్తుకు తగ్గ బరువు కొలత ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి బక్కగా ఉంటాం, లోపల కొవ్వుంటుంది. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 35.5 శాతానికి బీపీ, 11.4 శాతానికి షుగరు, మరో 15.3 శాతం షుగరు గడప దగ్గర ఉన్నారు. ఆ గడప దగ్గరివాళ్ళే ఈ ఉపన్యాసానికి అసలు శ్రోతలు. ఏ మందుతో మొదలుపెట్టామన్నది వాళ్ళ విషయంలోనే కాస్త తేడా తెస్తుంది.

థయజైడ్ షుగరునెలా పెంచుతుందో చెప్పడానికి, దాని అన్నదమ్ముల్లో ఒకదాని కథ చెప్పాలి. పేరు డయజాక్సైడ్. రసాయనంగా చూస్తే థయజైడే, కానీ మూత్రం రప్పించదు సరికదా ఉప్పును ఒంట్లో నిలుపుతుంది. అయినా నెత్తురు గొట్టాలను సడలించి బీపీని దించుతుంది. బీపీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒకప్పుడు నరంలోకి ఎక్కించేవాళ్ళు. ఇచ్చినప్పుడల్లా షుగరు ఎగిసేది. ఆ దోషాన్నే కొందరు గుణంగా మార్చుకున్నారు. ఇన్సులిన్ మితిమీరి ఊరే గడ్డలు క్లోమంలో ఉన్నవాళ్ళకూ, పుట్టుకతోనే ఇన్సులిన్ ఎక్కువై షుగరు పడిపోయే పసిబిడ్డలకూ ఇప్పుడు అదే మందు. బీపీ మందుగా ఎవరికీ గుర్తులేదు.

ఎలా పనిచేస్తుంది? ఇక్కడ భీమవరంలో పుట్టిన ఒకాయనను తలచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ కండరం నుంచి విడదీసి చూపించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని చేరుకున్నాడు. ఒంట్లో ప్రతి కణమూ ఖర్చుపెట్టుకునే శక్తి అది. గుండె కొట్టుకోవడానికి కావలసిందీ అదే. 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా గుండె కండరంలో పొటాషియం పోయే ఒక సన్నని ద్వారాన్ని కనుక్కున్నాడు. ఏటీపీ తగిలితే అది మూసుకుంటుంది. మరుసటి ఏడాదే ఆ ద్వారం క్లోమంలో ఇన్సులిన్ కణాల్లోనూ దొరికింది. మనం అన్నం తింటాం, గ్లూకోజు ఆ కణంలోకి పోతుంది, ఏటీపీ పెరుగుతుంది, పొటాషియం ద్వారం మూసుకుంటుంది, దాంతో కాల్షియం ద్వారం తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి రాగానే ఇన్సులిన్ బయటికి వస్తుంది. షుగరుకు మీరు వేసుకునే గ్లిమిపిరైడ్ ఆ పొటాషియం ద్వారాన్ని మూస్తుంది. డయజాక్సైడ్ దాన్ని బలవంతాన తెరిచిపెడుతుంది. కణంలో ఇన్సులిన్ నిండుగా ఉన్నా బయటికి రాదు.

మామూలు థయజైడ్లకు అంత బలం లేదు. వాటి విషయంలో అనుమానం పొటాషియం మీద పడింది. ఉప్పుతో పాటు పొటాషియం కూడా మూత్రంలో పోతుంది. నెత్తురులో పొటాషియం తగ్గితే ఇన్సులిన్ ఊరడం మందగిస్తుంది. పొటాషియం ఎంత పడితే షుగరు అంత పెరుగుతుందని పాత ట్రయల్స్‌ను కలిపి చూసినవాళ్ళు గమనించారు. 2015లో బ్రిటన్‌లో పాత్‌వే–3 అనే పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది. హైడ్రోక్లోరోథయజైడ్‌కు పొటాషియంను నిలిపే అమిలొరైడ్‌ను జతచేసి ఇస్తే, షుగరు మీద ప్రభావం కనిపించలేదు, బీపీ ఇంకా బాగా దిగింది. థయజైడ్ తప్పంతా పొటాషియందే అని నేను ఒట్టేయను. బరువు, కాలేయంలో కొవ్వు కూడా పాత్రధారులే. కానీ వైద్యుడు చేత్తో సరిదిద్దగలిగింది పొటాషియం. అందువల్ల నాకు దాని మీదే ఆశ.

ఈ ద్వారాల సంగతి తెలిస్తే అమ్లోడిపిన్ గురించి ఒక ప్రశ్న రావాలి. అది కాల్షియం ద్వారాన్ని మూసే మందు. మరి ఇన్సులిన్ బయటికి రావడానికి కాల్షియం కావాలిగదా? నిజమే, కానీ రోజూ వేసుకునే మోతాదులో క్లోమం దాన్ని పట్టించుకోదు. షుగరు మారదు. మోతాదు మితిమీరినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. వెరపమిల్, డిల్టియజెమ్ లాంటి ఈ జాతి మందులు గుప్పెడు మింగినవాళ్ళకు బీపీ అట్టడుగుకు పోతుంది, గుండె నీరసిస్తుంది, షుగరు పైకి పోతుంది. అప్పుడు అత్యవసర విభాగంలో పెద్ద మోతాదులో ఇన్సులిన్ ఎక్కిస్తారు, షుగరు పడిపోకుండా గ్లూకోజు కూడా ఎక్కిస్తూ. ఆ ఇన్సులిన్ షుగరు కోసం కాదు, గుండె కోసం. కష్టంలో ఉన్న గుండె కండరం గ్లూకోజును వాడుకునేలా చేసి, దాని కొట్టుడుకు బలం తెస్తుంది. బీపీ మందు, గుండె, ఇన్సులిన్ మూడూ ఒక్క మంచం దగ్గర కలిసే సందర్భం వైద్యంలో నాకు తెలిసి అదొక్కటే. ఇకపోతే అమ్లోడిపిన్‌తో వచ్చే పాదాల వాపు కిడ్నీ జబ్బు కాదు, గుండె జబ్బు కాదు. మోతాదు తగ్గిస్తేనో మందు మారిస్తేనో పోతుంది.

బీపీ మందుల్లో మరో జాతి బీటా బ్లాకర్లు, స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ చలవ. ప్రొప్రానలాల్ 1960ల్లో వచ్చింది, ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్ళకు, గుండె చాలనివాళ్ళకు, దడతో బాధపడేవాళ్ళకు ఇవి ఆయుష్షు పోసిన మందులు. షుగరు దగ్గర మాత్రం వీటి పేరు మంచిది కాదు. అన్నం తిన్న వెంటనే రావలసిన తొలి విడత ఇన్సులిన్‌ను తగ్గిస్తాయి. కండరానికి పోయే నెత్తురును తగ్గిస్తాయి. బరువు పెంచుతాయి. ఇంకొక్క ముఖ్యమైన సంగతి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. షుగరు పడిపోతున్నప్పుడు చేతులు వణకడం, గుండె దడ అనే హెచ్చరికలను ఈ మందులు కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. ఈ మందు మీదున్నవాళ్ళకు ఊరకనే చెమటలు పోస్తే షుగరు చూసుకోవాలి. అన్నట్టు ఈ ఇంటివన్నీ ఒకటి కావు. 2004 నాటి జెమిని పరిశోధనలో షుగరు ఉన్న బీపీ రోగుల మీద మెటోప్రొలాల్, కార్వెడిలాల్ పోల్చి చూస్తే, మొదటిదానితో మూడు నెలల సగటు షుగరు కొద్దిగా పెరిగింది, రెండోదానితో పెరగలేదు.

బ్రెజిల్ అడవుల్లో జరరాక అనే రక్తపింజరి జాతి పాముంది. అది కరిస్తే బీపీ పడిపోతుంది. మౌరీషియో రోషా ఇ సిల్వా 1949లో ఆ విషం మీద పనిచేస్తూ బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కనుక్కున్నాడు. ఆయన శిష్యుడు సెర్జియో ఫెరేరా ఆ బ్రాడికైనిన్‌ను కరిగిపోకుండా నిలిపే అంశం విషంలోనే ఉందని చూపించాడు. ఆ దారి పట్టుకుని స్క్విబ్ కంపెనీలో కుష్‌మన్, ఒండెట్టి కాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది అమెరికాలో అనుమతి పొందింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తర్వాతి తరం. ఏసీఈ మందులన్నమాట. బీపీ పెంచే యాంజియోటెన్సిన్ తయారు కాకుండా ఆపుతాయి, బ్రాడికైనిన్‌ను నిలుపుతాయి. కొందరికి వచ్చే పొడి దగ్గు ఆ బ్రాడికైనిన్ వల్లే. కండరంలోకి గ్లూకోజు తేలికగా పోవడంలో దాని చెయ్యి కూడా ఉందంటారు. ఉప్సాలాలో హాన్స్ లిథెల్ బృందం 1989లో కాప్టోప్రిల్‌నూ హైడ్రోక్లోరోథయజైడ్‌నూ పక్కపక్కన పెట్టి కొలిచింది. మొదటిదానితో ఒళ్ళు ఇన్సులిన్ మాట ఎక్కువ విన్నది, రెండోదానితో తక్కువ విన్నది. దగ్గు పడనివాళ్ళకు లోసార్టాన్, టెల్మిసార్టాన్ ఉన్నాయి. పని దాదాపు అదే, దగ్గుండదు.

కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన సలీం యూసుఫ్ నడిపిన హోప్ పరిశోధన 2000లో వచ్చింది. రామిప్రిల్ వేసుకున్నవాళ్ళలో కొత్తగా షుగరు 3.6 శాతానికి వస్తే, వేసుకోనివాళ్ళలో 5.4 శాతానికి. ఆ రోజుల్లో మేమంతా ఎగిరి గంతేశాం. ఆ మాటనే సూటిగా పరీక్షించడానికి 2006లో డ్రీమ్ అనే పరిశోధన చేస్తే, షుగరు గడప దగ్గరున్న 5,269 మందిలో రామిప్రిల్ వల్ల షుగరు రావడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. గంతులు ఆగాయి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. 1990ల్లో డాక్సజోసిన్ అనే మందుకు పెద్ద పేరుండేది. బీపీ తగ్గిస్తుంది, కొవ్వును కాస్త సరిచేస్తుంది, ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేలా చేస్తుంది. కాగితం మీద ఇంతకంటే మంచి మందు లేదు. షుగరు భయమున్న బీపీ రోగికి అదే కదా ఇవ్వాలి? అమెరికా ప్రభుత్వం చేయించిన ఆల్‌హాట్ అనే మహా పరిశోధనలో దీన్ని చవకైన పాత క్లోర్‌థాలిడోన్‌తో పోటీకి దింపారు. 2000లో ఆ డాక్సజోసిన్ భాగాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. దాన్ని వేసుకున్నవాళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్ రెట్టింపైంది. పై బీపీ వాళ్ళలో రెండు మూడు పాయింట్లు ఎక్కువ ఉన్న మాట నిజం. కానీ ఆ కాస్త తేడాతో రెట్టింపు లెక్క కుదరదు. ఇవాళ ఆ మందును ఎక్కువగా ప్రోస్టేట్ పెరిగి మూత్రం సరిగా రాని పెద్దవాళ్ళకు ఇస్తున్నాం.

ఆల్‌హాట్‌లో మిగిలిన మూడు మందుల పోటీ ఫలితం 2002 చివర్లో వచ్చింది. 33,357 మంది. నాలుగేళ్ళకు కొత్తగా షుగరు వచ్చినవాళ్ళు క్లోర్‌థాలిడోన్‌తో 11.6 శాతం, అమ్లోడిపిన్‌తో 9.8, ఏసీఈ మందు లిసినోప్రిల్‌తో 8.1. షుగరు లెక్కలో క్లోర్‌థాలిడోన్ ఓడింది. మరి గుండె? గుండెపోట్లలో మూడూ సమానం. హార్ట్ ఫెయిల్యూర్ మాత్రం క్లోర్‌థాలిడోన్ కంటే అమ్లోడిపిన్‌తో 38 శాతం, లిసినోప్రిల్‌తో 19 శాతం ఎక్కువ. షుగరులో ఓడిన మందు గుండె దగ్గర ఎవరికీ తీసిపోలేదు, ఒక విషయంలో అందరినీ దాటింది.

అప్పుడు ఒక సహేతుకమైన అభ్యంతరం వచ్చింది. నాలుగైదేళ్ళలో షుగరు చేసే హాని కనబడదు, పదిహేనేళ్ళు ఆగండి అన్నారు. ఆగి చూశారు. క్లోర్‌థాలిడోన్‌తోనే వృద్ధుల మీద జరిగిన షెప్ అనే పరిశోధన 1991లో ముగిసింది. అందులో 4,736 మంది, పక్షవాతం 36 శాతం తగ్గింది. వాళ్ళను 14 ఏళ్ళకు పైగా వెంబడించి 2005లో లెక్కలు రాశారు. ఉత్తుత్తి మాత్రల మీద ఉండగా షుగరు వచ్చినవాళ్ళలో గుండె జబ్బు మరణాలు పెరిగాయి. క్లోర్‌థాలిడోన్ మీద ఉండగా షుగరు వచ్చినవాళ్ళలో అలా చెప్పుకోదగినంతగా పెరగలేదు. నెత్తురు పరీక్ష కాగితం మీద రెండూ ఒకే అంకె. ఒకటి ఒంట్లో ఏళ్ళుగా ముదిరిన రోగం పైకి తేలడం. రెండోది మందు కొంచెం జరిపిన అంకె. పక్కనే ఆ మందు చేస్తున్న మేలు కూడా ఉంది. ప్రయోగశాల రిపోర్టు ఆ తేడా చెప్పలేదు.

షుగరు ఇదివరకే ఉన్నవాళ్ళ మాటేమిటి? బ్రిటన్‌లో యూకేపీడీఎస్ 1998లో ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. షుగరూ బీపీ రెండూ ఉన్న 1,148 మందిలో కొందరి బీపీని సగటున 144/82కు దించారు, మిగతావాళ్ళది 154/87 దగ్గర ఉంది. ఆ పది పాయింట్ల తేడాతో పక్షవాతం 44 శాతం, షుగరుకు సంబంధించిన మరణాలు 32 శాతం తగ్గాయి. కళ్ళు, కిడ్నీల వంటి సన్న నాళాల జబ్బులు 37 శాతం తగ్గాయి. బీపీ బాగా దించినవాళ్ళలో దాదాపు సగం మందికి ఇచ్చింది కాప్టోప్రిల్, మిగతావాళ్ళకు బీటా బ్లాకర్ అటెనోలాల్. అటెనోలాల్ వాళ్ళు 3.4 కిలోలు బరువు పెరిగారు, కాప్టోప్రిల్ వాళ్ళు 1.6. అయినా రెండిటి ఫలితమూ సమానం. షుగరు రోగి కంటినీ కిడ్నీనీ కాపాడటానికి బీపీ బిళ్ళ అంతటి పనిచేసింది, అది షుగరును కొంచెం పెంచేదే అయినా.

అలాగని ఏ మందైనా ఒకటేనని నేను అనడం లేదు. గుండె జబ్బు లేని, నడుము చుట్టుకొలత పెరిగిన, షుగరు గడప దగ్గరున్న నలభై అయిదేళ్ళ మనిషికి అటెనోలాల్‌తో మొదలుపెట్టడం నాకు నచ్చదు. అమ్లోడిపిన్, అటెనోలాల్ కలిపిన బిళ్ళ మన మందుల షాపుల్లో దశాబ్దాలుగా అమ్ముతున్నారు. ఎప్పుడో ఎవరో రాసిచ్చింది అలవాటుగా వేసుకుంటూ పోయేవాళ్ళు ఎందరో. ఆ చీటీ మళ్ళీ చూడాలి. 2021లో ఆక్స్‌ఫర్డ్ బృందం 19 పరిశోధనల్లోని 1,45,939 మంది లెక్కలు కలిపి చూసింది. పై బీపీ 5 పాయింట్లు తగ్గితే చాలు, కొత్తగా షుగరు రావడం 11 శాతం తగ్గిందట. బీపీ తగ్గడమే షుగరుకు మేలు చేస్తుందన్నమాట. మందుల వారీగా చూస్తే ఏసీఈ మందులు, సార్టాన్లు 16 శాతం తగ్గించాయి. అమ్లోడిపిన్ జాతి ఎటూ జరపలేదు. థయజైడ్లు 20 శాతం, బీటా బ్లాకర్లు 48 శాతం పెంచాయి. ఈ శాతాలు చూసి బెదరొద్దు. వందమందిలో పదిమందికి రావలసిన షుగరు పన్నెండు మందికి వచ్చినా 20 శాతమే అంటారు.

మరి నేనేం రాస్తానో చెప్పకుండా తప్పించుకోను. షుగరు భయమున్నవాళ్ళకు టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్, లేదా అమ్లోడిపిన్. రెండు మందులు కావలసివస్తే మొదటి రెండిట్లో ఏదో ఒకటి, దానికి తోడు అమ్లోడిపిన్. మూడో మందు కావలసివస్తే చిన్న మోతాదులో క్లోర్‌థాలిడోన్, షుగరు సాకుతో దాన్ని పక్కన పెట్టను. గుండెపోటు వచ్చినవాళ్ళకు, గుండె చాలనివాళ్ళకు బీటా బ్లాకర్ తప్పదు, షుగరు ఎంతున్నా తప్పదు. దాన్ని హఠాత్తుగా ఆపితే గుండెనొప్పి ఎగదన్నుతుంది, గుండెపోటు కూడా రావచ్చు. గర్భం దాల్చినవాళ్ళకు, దాల్చాలనుకునేవాళ్ళకు ఏసీఈ మందులూ సార్టాన్లూ పనికిరావు. అవి మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళలో పొటాషియం పెరిగిపోతుంది. థయజైడ్‌తో దానికి విరుద్ధం, తగ్గిపోతుంది. ఉప్పు తగ్గించడానికి మందుల షాపు అక్కర్లేదు. ఊరగాయ, అప్పడం, వడియాలు, మిక్చరు, ఈ నాలుగూ తగ్గించినవాళ్ళకు ఒక బిళ్ళ తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

2018 ప్రాంతంలో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం అయిదు రాష్ట్రాల్లో మొదలైతే అందులో తెలంగాణ ఒకటి. పద్ధతి సులువుగా ఉంటుంది. ఏ మందు ముందు, ఏది తర్వాత అన్నది ఒక కాగితం మీద రాసి, నర్సు చేతికి ఇస్తారు. మందులు పీహెచ్‌సీలో ఉచితం. అనుమానాలూ వాదాలూ కాగితం మీద ఉండవు, ఉండక్కర్లేదు కూడా. కానీ థయజైడ్ జాతి మందు చేరిన మెట్టు దగ్గర ఒక లోటు నాకు కనబడుతోంది. చాలాచోట్ల షుగరు గ్లూకోమీటర్‌తో ఒక చుక్కలో చూస్తారు. పొటాషియం చూడటానికి నెత్తురు తీసి పట్నం పంపాలి, రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, అందుకని మానేస్తారు. షుగరు పెరిగిందని తెలుస్తుంది, పొటాషియం పడిపోయి పెరిగిందా అన్నది తెలియదు. తెలియక క్లోర్‌థాలిడోన్‌ను ఆపి, షుగరుకు ఇంకో బిళ్ళ చేరుస్తారు. మందు మొదలుపెట్టిన నెలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి పొటాషియం పరీక్ష ఆ కాగితంలోకి చేరితే ఈ రెండు పొరపాట్లూ ఆగుతాయి. వేదిక మీద జిల్లా వైద్యాధికారిగారు ఉన్నారు కనుక ఈ మాట ఆయన వినేలా చెబుతున్నాను. మీ ప్రశ్నలు ఇప్పుడు అడగండి.